సార్ కోసం ఉంచిన మెషిన్

రిటైరైనవాళ్ళు రాసుకునే ఉద్యోగ జ్ఞాపకాలు చదివినప్పుడల్లా నాకో అనుమానం వస్తుంటుంది. వీళ్ళలో ఒక్కరైనా, ఒక్కసారైనా, ఏదైనా చెడగొట్టారా అని. అందరూ కష్టపడినవాళ్ళే, అందరూ నెగ్గినవాళ్ళే. మరి మన ఆఫీసుల్లో అన్నేసి పనులు చెడిపోయింది ఎవరివల్లో! నా వంతు నేను చెప్పేస్తాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు చదివి నవ్వుకున్నా సరే, తిట్టుకున్నా సరే.

నేను పనిచేసింది ఒక పెద్ద సంస్థ కంప్యూటర్ విభాగంలో. పేరు అనవసరం. చేరిన కొత్తల్లో మా మెషిన్లకి ఉన్న మెమరీ ఇవాళ మీ చేతి గడియారంలో ఉన్నదానికన్నా తక్కువ. దాంట్లోనే వేలమంది జీతాలు లెక్కకట్టేవాళ్ళం. దాంతో నాకు పొగరు అబ్బింది. తరవాత మెషిన్లు పెద్దవయ్యాయి గానీ నా పొగరు తగ్గలేదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ప్రోగ్రాము రాసి చూపిస్తే, ముందు అది ఎంత మెమరీ తింటోందో చూసి, ఆ తరవాతే అది ఏం చేస్తుందో అడిగేవాణ్ణి. నా వెనక నన్ను పిసినారి సార్ అనేవాళ్ళట. నేను దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాను.

రిటైరయ్యాక మారేడ్‌పల్లిలో పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఎవరో ఒకరికి సలహాలు. సలహాలు వినేవాళ్ళు తగ్గిపోతున్న రోజుల్లో నా పాత మిత్రుడు ఇంటికొచ్చాడు. ఆయన ఉండేది మెట్టుగూడలో. వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి మిషన్ బడిలో టీచరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈయన ఇక్కడే పుట్టినా మాట మాత్రం ఇంట్లో నేర్చిందే. ఆఫీసులో నేను రాసినదాన్ని విరగ్గొట్టి చూడటం ఆయన పని. నా ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకుని, వాటిని నాకు మెల్లగా, పెళ్ళికూతురి లోపం చెప్పినట్టు చెప్పేవాడు.

"ఏం గురూ, ఖాళీయేగా? ఓ పనుందండోయ్. జీతం ఉండదు. నీ బిరుదుకి తగ్గ పని మాత్రం."

బోయిగూడలో ఒక ఆడపిల్లల హైస్కూలు ఉంది. ఆయన వెళ్ళే చర్చివాళ్ళకి తెలిసిన బడి. అక్కడ ఒక కంప్యూటర్ గది. ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన పాత మెషిన్లు డజను దాకా దానంగా ఇచ్చారు. పిల్లలకి ప్రోగ్రాములు రాయడం నేర్పే ఒక చిన్న భాష ఉంది, ఊరికే దొరుకుతుంది, బొమ్మలు గీయించవచ్చు, ఆటలు ఆడించవచ్చు. దాన్ని నేర్పాలని కంప్యూటర్ టీచరమ్మ ఆశ. కానీ ఆ భాష కొత్త మెషిన్లకే వస్తుంది. పాతవాటి మీద పెడితే తెరుచుకోను కూడా తెరుచుకోదు. ఈలోగా ఆ గదిని ఖాళీచేసి స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకి ఇద్దామని యాజమాన్యం అనుకుంటోంది. టీచరమ్మ బతిమాలితే కరస్పాండెంట్ గారు ఒక మాట ఇచ్చారు. పిల్లలు ఆ మెషిన్ల మీద పనికొచ్చేది ఏదైనా చేసి చూపిస్తే గది ఉంటుంది, లేకపోతే లేదు.

ఆ భాషకీ మెషిన్‌కీ మధ్య వర్చువల్ మెషిన్ అని ఒకటి ఉంటుంది. పిల్లలు రాసినదాన్ని అసలు మెషిన్ నేరుగా చదవదు, ఈ మధ్యది చదివి చేయిస్తుంది. ఏ ఇంటికి పిలిచినా అదే రుచితో వండిపెట్టే వంటమనిషి అనుకోండి. కాకపోతే ఈ కొత్త వంటమనిషికి పెద్ద వంటిల్లు కావాలి. ఆ మనిషిని ఒంటి పొయ్యి ఇంట్లో వండేట్టు చెయ్యాలి, అదీ నా పని. నిజం చెప్పొద్దూ, వినగానే ప్రాణం లేచొచ్చింది.

మొదటిరోజు బడికి వెళ్ళగానే టీచరమ్మ ఎదురొచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. బోయిగూడలోనే పుట్టి, ఆ బడిలోనే చదువుకుని, అక్కడే టీచరైన మనిషి. గదిలో తలుపు పక్కన, ఫ్యాను కింద ఉన్న కుర్చీని చున్నీ కొసతో తుడిచింది.

"సార్, మీరు ఈడ కూసోండి. ఈ మెషిన్ మంచిగ నడుస్తది. కిటికీ తట్టువి జెర సతాయిస్తయి."

కూర్చున్నాను. అలవాటైన కుర్చీలాగే ఉంది. ముప్పై ఏళ్ళకు పైబడిన నౌకరీలో ఆఫీసరు ఎక్కడ కూర్చుంటే మంచి మెషిన్ అక్కడికి వచ్చేది. కొత్త మెషిన్ దిగితే ముందు పెద్దసారు బల్ల మీదికి పోతుంది, ఆయన దానిమీద ఉత్తరాలు రాయించుకుంటారు. పనిచేసే గుమాస్తాల దగ్గర పాతదే ఉంటుంది. ఇది తప్పని నేను యువకుడిగా ఉన్నప్పుడు యూనియన్ మీటింగులో మాట్లాడాను కూడా. ఆ తరవాత పెద్దసారును అయ్యాను, మళ్ళీ మాట్లాడలేదు.

పని బాగా సాగింది. వంటమనిషి దగ్గర అక్కర్లేని గిన్నెలన్నీ తీయించాను. పిల్లలు వాడని హంగులన్నీ కోసేశాను. పాత ప్రాసెసర్‌కి అర్థంకాని ఆదేశాలను దానికి తెలిసిన మాటల్లోకి మార్చాను. వారానికి రెండుసార్లు బడికి వెళ్ళి, ఆ ఫ్యాను కింది మెషిన్ మీద ఆడించి చూసేవాణ్ణి. ప్రతిసారీ అదే కుర్చీ, అదే మర్యాద, అల్లం చాయ్. పిల్లలు కూడా వంతులేసుకుని దానిమీదే తమ ప్రోగ్రాములు రాసేవాళ్ళు. ఎందుకంటే వాళ్ళు రాస్తుంటే చూడాలని నాకు సరదా, నేను మాత్రం ఆ కుర్చీ దగ్గరనుంచి కదిలేవాణ్ణి కాదు. తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి బతుకమ్మ గీసే ప్రోగ్రాము రాసింది. తంగేడు పూల వరస, దాని మీద గునుగు పూల వరస, ఒక్కొక్కటే చుట్టూ తిరిగి వస్తుంటే కళ్ళప్పగించి చూశాను. వాళ్ళింట్లో కంప్యూటర్ లేదు, ఉన్న ఒక్క ఫోను నాన్నతో పాటు ఆటోలో పోతుంది.

ఒకరోజు నాతో బడికి వచ్చిన నా మిత్రుడు కిటికీవైపు మెషిన్లను చూస్తూ అన్నాడు.

"గురూ, వాటిమీద కూడా ఓసారి ఆడించి చూద్దామా?"

"అన్నీ ఒక్క ఆఫీసు నుంచి ఒక్కసారి వచ్చినవే గదా. అన్నం ఉడికిందా లేదా అని మెతుకు మెతుకూ పట్టి చూస్తమా?"

"ఒకే కుండలో అన్నమైతే నిజమే మరి," అన్నాడు. నేను వినిపించుకోలేదు. ఆయన కూడా రెట్టించలేదు. ఆఫీసులో అయితే ఊరుకునేవాడు కాదు. ఆ వయసులో స్నేహితుణ్ణి పట్టుకుని వాదించడమెందుకని ఊరుకున్నాడేమో.

చూపించాల్సిన రోజుకి ముందురోజు టీచరమ్మ నా పనిని మిగతా మెషిన్లన్నిటిలోకి ఎక్కించి, సాయంత్రం ఫోన్ చేసింది.

"సార్, కిటికీ తట్టువాట్ల జెర స్లో ఉంది సార్. తెరుచుకునేతానికే చాలా సేపైతుంది."

"ఫస్ట్ టైం గట్లనే ఉంటదమ్మా. రెండోసారికి సర్దుకుంటది. పరేషాన్ గావద్దు."

ఎంత ధీమాగా చెప్పానో! ఆవిడ కూడా, పెద్దాయన చెప్పాడు కదా అని నమ్మింది.

మర్నాడు మధ్యాహ్నం కరస్పాండెంట్ గారు వచ్చారు. మెత్తటి మనిషి, ఎవర్నీ నొప్పించరు. వెంట కమిటీ పెద్దలు ఇద్దరు. ఒక్కో మెషిన్ దగ్గర ఒక్కో పిల్ల, నూనె రాసి గట్టిగా దువ్విన జడలతో, ఇస్త్రీ చేసిన యూనిఫాంతో కూర్చుని ఉంది. ముందుగా నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నాలుగుతో నేను ఆగే మనిషినా? పాత మెషిన్లు అంటూ ఏవీ లేవనీ, పాత బుర్రలే ఉంటాయనీ, మా రోజుల్లో ఇంతకన్నా చిన్నవాటిమీద ఎంతెంత పనులు చేశామో చెప్పి, చివర్న "షురూ చెయ్యండమ్మా" అన్నాను.

పిల్లలందరూ ఒక్కసారే నొక్కారు. ఫ్యాను కింది మెషిన్ మీద బతుకమ్మ మొదటి వరస వచ్చింది. మిగతా అన్నిచోట్లా ఏమీ రాలేదు. డిస్కులు గరగర మనడం మొదలైంది, గదంతా అదే చప్పుడు. తెరల మీద ప్రోగ్రాము విండోలు సగం తెరుచుకుని నిలిచిపోయాయి. కొన్ని నల్లబడ్డాయి. ఒక పిల్ల కీబోర్డు మీదినుంచి చేతులు తీసేసి, రెండూ ఒళ్ళో పెట్టుకుని, "నేనేం జెయ్యలే టీచర్," అంది. ఆ మాట విని పక్క పిల్ల కూడా చేతులు తీసేసింది. అట్లా ఒకరి తరవాత ఒకరు, వరసంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తామేదో పాడుచేశామనుకున్నారు.

నేను టీచరమ్మను పక్కకు పిలిచి, "ఇది నడుస్తుంది, అవెందుకు నడుస్తలేవు?" అని గొణిగాను.

ఆవిడ ముఖంలో నెత్తురు లేదు. "సార్, మీరొస్తున్నరని... మీకు తక్లీఫ్ గావద్దని, వేరేవాట్ల మెమరీ తీసి దీంట్ల ఏసిన సార్. మీకు జెప్పాల్నని తెల్వలే."

అంతే, మొత్తం అర్థమైపోయింది. నా వర్చువల్ మెషిన్ మొదలవుతూనే ఒక పెద్ద మెమరీ ముక్కను తన పేరున పట్టుకుంటుంది. ఆ ముక్క ఎంతుండాలో రాసింది నేనే, ఫ్యాను కింది మెషిన్‌ని చూసి. మిగతావాటిలో అంత లేదు. లేనిదాన్ని డిస్కు మీదినుంచి అరువు తెచ్చుకోబోయి అవన్నీ కూలబడ్డాయి. గిన్నెలు తగ్గించాను గానీ, వంటమనిషి రాగానే గడప దాకా చాప పరుచుకుంటుందని మరిచిపోయాను. మార్చాల్సింది ఒక్క సంఖ్య. జీవితమంతా మెమరీ గురించి ఇతరుల చెవులు మెలేసిన నేను, ఎదుట ఉన్న మెషిన్లో ఎంతుందో, పక్కనున్నదాంట్లో ఎంతుందో ఒక్కసారీ అడగలేదు.

అప్పుడు కరస్పాండెంట్ గారు నా దగ్గరికి వచ్చారు.

"సార్, మాకు ఇవన్ని తెల్వయ్. మీరు పెద్దలు, ఇంత అనుభవమున్నోళ్ళు. మీరేమంటే గదే. ఏం జెయ్యమంటరు?"

గదంతా నావైపే చూస్తోంది. "తప్పు నాది, రెండు రోజులు టైమియ్యండి" అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పది నిమిషాల కింద అదే నోటితో పాత బుర్రల మీద ఉపన్యాసం ఇచ్చి ఉన్నాను.

"పాతబడిపోయినయ్ సార్," అన్నాను. "వీటితోని ఇంతే అయితది. మెయింటెనెన్స్ సుత సరిగ్గ లేదు."

మెయింటెనెన్స్ అంటే ఆ బడిలో ఒక్కరే, టీచరమ్మ. ఆవిడ తలెత్తి నావైపు చూసింది. కోపం కాదది. ఏదో అర్థంకానట్టు చూసింది. తరవాత పిల్లల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క మెషిన్నే ఆపడం మొదలుపెట్టింది. తన మాట ఒక్కటి చెప్పి ఉంటే నా పరువు అక్కడే పోయేది. చెప్పలేదు. నేను దాన్ని ఆమె మంచితనమని కూడా అనుకోలేదు అప్పుడు, బతికిపోయాను అనుకున్నాను. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

తిరిగి వచ్చేప్పుడు నా మిత్రుడు మెట్టుగూడలో ఆటో దిగి, చిల్లర వెతుక్కుంటూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

"బాగా చెప్పావు గురూ. పాపం, వాటికి నోరు లేదుగా."

ఇంటికెళ్ళి నా పాత కంప్యూటర్ విప్పి, దాంట్లోంచి మెమరీ సగానికి పైగా పీకేశాను. మొదటిరోజే చేయాల్సిన పని. ఆ సంఖ్యను తగ్గించి, అవసరమైతేనే కొంచెం కొంచెం అడిగేట్టు మార్చాను. బతుకమ్మ వచ్చింది. నిదానంగానే, కానీ ఆగకుండా వచ్చింది, చిట్టచివర గౌరమ్మతో సహా. పని నెగ్గితే ఎవరినైనా పిలిచి చూపించుకునే అలవాటు నాది. ఆ రోజు మా ఆవిడ వంటింట్లోంచి "ఏమైందీ, నడిచిందా?" అని అడిగితే, లేదన్నాను.

మీరంటారు, మరి వెంటనే బడికి పరుగెత్తలేదా అని. అక్కడే ఉంది అసలు సిగ్గు. రేపు వెళదామనుకున్నాను. రేపు ఎండగా ఉంది. ఎల్లుండి ఎవరో చుట్టాలొచ్చారు. ఆదివారం బడి ఉండదు. వెళితే ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక, మొదటి మాట దొరికితే వెళదామని ఆగాను. ఒకసారి బోయిగూడ దాకా పోయి, గేటు ముందునుంచే నడిచి, పని ఉన్నవాడిలా రైల్వే స్టేషన్ వైపు తిరిగి వచ్చేశాను. మిత్రుడు ఫోన్ చేయడం మానేశాడు. చివరికి నేనే చేస్తే, "చెప్పడానికి నన్ను తోడు రమ్మంటావా? రాను. నీ నోటితో అన్నావు, నీ నోటితోనే చెప్పు," అన్నాడు.

వెళ్ళాను. కరస్పాండెంట్ గారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. తప్పు మెషిన్లది కాదు, టీచరమ్మది అసలే కాదు, నాదే, నేను రాసిన ఒక్క సంఖ్య వల్ల జరిగింది, ఇప్పుడు సరిచేశాను, ఏ మెషిన్ మీదైనా చూపిస్తాను అని.

ఆయన విని, కళ్ళజోడు తీసి, చాలాసేపు నావైపు ప్రేమగా చూశారు.

"ఎంత పెద్ద మనసు సార్ మీది. టీచరమ్మ మీద మాట రావద్దని మీ మీద ఏసుకుంటున్నరు. మా ఇంట్ల పిల్లలకు చెప్త మీ గురించి."

"కాదు సార్, నిజంగానే నా తప్పు."

"అదే సార్, పెద్దోళ్ళు గిట్లనే అంటరు."

నేను గట్టిగా చెప్పినకొద్దీ ఆయనకి నా మీద గౌరవం పెరుగుతూ పోయింది. అబద్ధం ఒక్కమాటకే నమ్మారు. నిజాన్ని నమ్మించడానికి నాకు మెమరీ, డిస్కు, ఆ ముక్క, ఈ ముక్క అంటూ ఎన్నో మాటలు కావలసి వచ్చాయి, అందులో ఒక్కటీ ఆయనకి ఎక్కలేదు. ఆఖరికి, "ఒక్క మెషిన్ తెప్పించండి సార్, ఇక్కడే చూపిస్తా," అన్నాను.

"ఇంకెక్కడియి సార్? మీరన్నంక ఉంచుకుని ఏం ఫాయిదా అని, మొన్ననే కబాడీవానికి తుక్కు కింద ఇచ్చేసినం. రూముకు రంగులేస్తున్రు." కిటికీలోంచి సున్నం వాసన వస్తోంది. చాయ్ తెమ్మని కేకేశారు. తాగాను.

టీచరమ్మ పైన క్లాసులో ఉందన్నారు. మెట్లెక్కి వెళ్ళి వరండాలో నిలబడ్డాను. లోపల కంప్యూటర్ పాఠమే జరుగుతోంది, కంప్యూటర్లు లేకుండా. బోర్డు మీద ప్రోగ్రాము రాసి ఉంది. పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చున్నారు. ఒకతి ప్రోగ్రాము చదువుతుంటే, రెండోది మెషిన్ అయి, చెప్పింది చెప్పినట్టు కాగితం మీద గీస్తోంది. "ముందటికి పది అడుగులు. కుడికి తిరుగు. మల్ల ముందటికి." చెప్పనిది గీస్తే పక్కపిల్ల నెత్తిమీద మొట్టికాయ. నవ్వులు.

నన్ను చూసి టీచరమ్మ బయటికి వచ్చింది. అదే మాట ఆమెకీ చెప్పాను. సరిచేశానని కూడా చెప్పాను.

"నాకు అప్పుడే ఎర్కైంది సార్," అంది. "మెమరీ సంగతి నేను జెప్పంగనే మీ ముఖం మారింది."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా, వాళ్ళ ముందట?"

"మీరు జెప్తరేమోనని చూసిన సార్." చేతికంటిన సుద్ద దులుపుకుని, "ఇప్పుడు నాకు జెప్తే ఏమొస్తది? సైన్స్ పీరియడ్లు ఇచ్చిన్రు నాకు. ఈ వారం ఒక్కటి అడుక్కుని ఇది చెప్తున్న," అంది.

క్షమించమని అడుగుదామంటే, అది కూడా ఆవిడ నాకు చేసిపెట్టాల్సిన ఇంకో మర్యాద అవుతుందనిపించింది. వెళ్తానని తిరగబోతుంటే తలుపు దగ్గరికి బతుకమ్మ పిల్ల వచ్చింది. నన్ను గుర్తుపట్టి ముఖం చేటంత చేసుకుంది.

"సార్, మెషిన్లు బాగైనయా? బాగుచేసేతందుకు మీ దగ్గరికి పంపిన్రని టీచర్ జెప్పింది. ఎప్పుడొస్తయి సార్?"

టీచరమ్మ నావైపు చూడలేదు. క్లాసులోకి, బోర్డువైపు చూస్తోంది. పిల్లలకి ఆమె చెప్పింది అదన్నమాట. అమ్మేశారనీ, ఫలానా సార్ మాట వల్ల పోయాయనీ చెప్పలేక.

నిజం చెప్పడానికే కదా ఆ రోజు బయల్దేరాను. అప్పటికి రెండుసార్లు చెప్పి ఉన్నాను కూడా.

"వస్తయమ్మా, జల్దీ వస్తయి," అన్నాను.

"థాంక్యూ సార్," అని లోపలికి పరుగెత్తి, తన మెషిన్‌గా కూర్చున్న పిల్ల భుజం తట్టింది.

"నేను జెప్పలేదానే? సార్ తెస్తడని!"